కావాలనే ఓడిపోయారా? హ్యూస్టన్ ఆస్ట్రోస్ సీనియర్లను అమ్మేసిన కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక పాత గాయంతో మొదలుపెడదాం. 2021లో సన్‌రైజర్స్ వాళ్ళు డేవిడ్ వార్నర్‌ని సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు, గుర్తుందా? 2016లో మనకి కప్పు తెచ్చినవాడు. లాక్‌డౌన్లో ఇంటిల్లిపాదితో కలిసి మన తెలుగు పాటలకి స్టెప్పులేసినవాడు. కెప్టెన్సీ పోయింది, తర్వాత జట్టులో చోటు కూడా పోయింది. మరుసటి ఏడాది వేలంలో ఢిల్లీ 6.25 కోట్లకి తీసుకెళ్ళింది. ఆ రోజుల్లో మన గ్రూపుల్లో ఎంత గోల జరిగిందో మీకు తెలుసు.

ఇప్పుడు ఒకసారి ఊహించుకోండి. వార్నర్ ఒక్కడే కాదు. రెండు మూడేళ్ళలో, మీ జట్టులో మీకు పేరు తెలిసిన దాదాపు ప్రతి ఆటగాడినీ మేనేజ్‌మెంట్ పంపించేసింది. బదులుగా మీరు ఎప్పుడూ వినని పందొమ్మిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని తెచ్చుకుంది. "కొన్నేళ్ళు ఓడిపోతాం, ఓపిక పట్టండి" అంటోంది. మీరు టికెట్ కొంటారా?

అమెరికాలో హ్యూస్టన్ అభిమానులకి సరిగ్గా ఇదే జరిగింది. హ్యూస్టన్ మనకి తెలియని ఊరేం కాదు. మీ బంధువుల్లోనో, కాలేజీ సీనియర్లలోనో ఒక్కరైనా అక్కడ ఉండే ఉంటారు. వాళ్ళ ఊరి బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్ కథే ఇది.

బేస్‌బాల్ తెలియదని స్కిప్ చేయకండి. ఈ కథకి నాలుగు విషయాలు తెలిస్తే చాలు. ఒకటి, లీగ్‌లో 30 జట్లు, ఒక్కో జట్టు సీజన్‌కి 162 మ్యాచులు ఆడుతుంది. రెండు, ఎంత చెత్తగా ఆడినా కింది డివిజన్‌కి తోసేయరు. మన ఐపీఎల్ లాగే, చివరి స్థానంలో ఉన్నా వచ్చే ఏడాది హాయిగా మళ్ళీ వస్తారు. మూడు, ఏటా కాలేజీ, హైస్కూల్ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంటుంది. ఈ కథ జరిగిన కాలంలో రూల్ ఏంటంటే, అందరికన్నా ఎక్కువ ఓడినవాడికే మొదటి ఛాన్స్. నాలుగు, కొత్త కుర్రాడు పెద్ద లీగ్‌లోకి వచ్చాక సుమారు ఆరేళ్ళ పాటు ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. అందులో మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతమే. 2012లో ఆ కనీస జీతం 4 లక్షల 80 వేల డాలర్లు. అదే ఒక స్టార్ సీనియర్‌కి కోటిన్నర డాలర్లు ఇవ్వాలి. అంటే ఒక సీనియర్ జీతంతో ముప్పై మంది కుర్రాళ్ళని పోషించవచ్చు.

ఈ లెక్క మనసులో పెట్టుకోండి. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

2005లో ఆస్ట్రోస్ మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి వెళ్ళింది. షికాగో వైట్ సాక్స్ చేతిలో 4-0తో ఓడిపోయింది. అయినా ఊరంతా సంతోషమే. ఎందుకంటే జట్టుకి రాయ్ ఆస్వాల్ట్ అనే పిచర్ ఉన్నాడు, అంతకుముందు ఏడాది 20 విజయాలు, ఆ ఏడాది మళ్ళీ 20. లాన్స్ బర్క్‌మన్ అనే బ్యాటర్ ఉన్నాడు, పక్కా టెక్సస్ మనిషి. ఇంకొక్క అడుగు వేస్తే చాలు అనుకున్నారు. ఆ ఇంకొక్క అడుగు కోసం చేసిన పనులే కొంప ముంచాయి.

2006 చివర్లో కార్లోస్ లీ అనే బ్యాటర్‌తో ఆరేళ్ళకి 10 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ చేసుకున్నారు. అప్పటి రూల్ ప్రకారం, అలాంటి పెద్ద ఆటగాణ్ణి బయట నుంచి తెచ్చుకుంటే మీ డ్రాఫ్ట్ ఛాన్స్ ఒకటి వదులుకోవాలి. అలా 2007 డ్రాఫ్ట్‌లో ఆస్ట్రోస్‌కి మొదటి రెండు రౌండ్లలో ఒక్క ఎంపిక కూడా లేకుండా పోయింది. మూడు, నాలుగు రౌండ్లలో ఎంచుకున్న కుర్రాళ్ళతో కూడా ఒప్పందం కుదరలేదు.

మన ఊళ్ళో రైతుని అడగండి. ఎంత కష్టమొచ్చినా విత్తనాల గింజలు వండుకుని తినరు. తింటే ఈ పూట గడుస్తుంది, వచ్చే ఏడాది పొలం బీడు పడుతుంది. ఆస్ట్రోస్ చేసింది అదే, విత్తనాల గింజలు వండుకుని తినేసింది. 2010 నాటికి పాతవాళ్ళకి వయసు పెరిగింది, కింద నుంచి పైకి వచ్చేవాడు లేడు.

ఇక అమ్మకాలు మొదలయ్యాయి. 2010 జులై 29న ఆస్వాల్ట్‌ని ఫిలడెల్ఫియాకి పంపారు. ట్రేడ్ కావాలని అతనే ముందు అడిగాడు, గెలిచే జట్టులో ఆడాలని. కానీ ఒక చిన్న సంగతి వినండి. ఆస్ట్రోస్ చరిత్రలో ఎక్కువ విజయాలు సాధించిన పిచర్ జో నీక్రో, 144. ఆస్వాల్ట్ వెళ్ళేరోజుకి అతని ఖాతాలో 143. ఒక్కటంటే ఒక్కటి తక్కువ. రెండు రోజుల తర్వాత బర్క్‌మన్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి పంపేశారు.

2011 జులైలో హంటర్ పెన్స్. అతనికి అప్పుడు 28 ఏళ్ళే, సీనియర్ అనడానికి కూడా మనసు రాదు. అభిమానులకి ప్రాణం. అతన్నీ ఫిలడెల్ఫియాకే ఇచ్చి నలుగురు కుర్రాళ్ళని తీసుకున్నారు. మరో రెండు రోజులకి మైకేల్ బోర్న్ అట్లాంటాకి. ఆ సీజన్‌లో ఆస్ట్రోస్ 106 మ్యాచులు ఓడింది. జట్టు 1962లో పుట్టినప్పటి నుంచి 100 ఓటములు చూడటం అదే మొదటిసారి.

ఆ చలికాలంలో జట్టుకి కొత్త ఓనర్ వచ్చాడు, జిమ్ క్రేన్. అతను జనరల్ మేనేజర్‌గా పెట్టుకున్న మనిషి జెఫ్ లూనో. ఇంజినీరింగ్ చదివి, మెకిన్సీలో కన్సల్టెంట్‌గా చేసి, తర్వాత సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో కుర్రాళ్ళ ఎంపిక చూసినవాడు. తనతో పాటు సిగ్ మైడల్ అనే మాజీ నాసా ఇంజినీర్‌ని తెచ్చుకున్నాడు. మన బ్యాచ్ మనుషులే అనుకోండి, డేటా, మోడల్స్, డాష్‌బోర్డులు.

వీళ్ళ వాదన చాలా సింపుల్. మన జట్టు ఇప్పుడు 60 మ్యాచులు గెలుస్తుంది. కోటిన్నర డాలర్లు పోసి సీనియర్‌ని ఉంచుకుంటే 64 గెలుస్తుంది. 60 గెలిచినా 64 గెలిచినా ప్లేఆఫ్‌కి వెళ్ళం. కానీ 88 గెలిచే జట్టుకి ఆ నాలుగు విజయాలు బంగారం. కాబట్టి మనకి పనికిరాని నాలుగు విజయాలు వాళ్ళకి అమ్మి, వాళ్ళకి ఇప్పుడు పనికిరాని కుర్రాళ్ళని మనం కొందాం. ఇద్దరికీ లాభమే. జులై నెలాఖరులో ట్రేడ్ గడువు దగ్గరపడుతుంటే ధర ఇంకా పెరుగుతుంది.

లెక్కగా చూస్తే తప్పు పట్టడానికేం లేదు. 2012 జులైలో ఒక్క నెలలోనే కార్లోస్ లీ మయామీకి, పిచర్ బ్రెట్ మైయర్స్ షికాగో వైట్ సాక్స్‌కి, పిచర్ వాండీ రోడ్రిగెజ్ పిట్స్‌బర్గ్‌కి వెళ్ళిపోయారు. టొరంటోతో ఏకంగా పది మంది ఆటగాళ్ళ ట్రేడ్ జరిగింది. ఆ ఏడాది 107 ఓటములు. 2013లో 111, అందులో చివరి 15 మ్యాచులూ వరసగా ఓడినవే. మూడేళ్ళలో మొత్తం 324 ఓటములు.

2013 సీజన్ మొదలైనప్పుడు జట్టు మొత్తం జీతాల ఖర్చు 3 కోట్ల డాలర్ల లోపే. ఆ ఏడాది యాంకీస్‌లో అలెక్స్ రోడ్రిగెజ్ ఒక్కడి జీతమే ఇంచుమించు అంత. ఆ సెప్టెంబర్ 22న ఆస్ట్రోస్ మ్యాచ్‌కి హ్యూస్టన్‌లో వచ్చిన టీవీ రేటింగ్ ఎంతో తెలుసా? 0.0. అదే టైమ్‌కి ఊరి ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ ఉంది, పైగా ఆ స్పోర్ట్స్ ఛానల్ సగానికి పైగా ఇళ్ళకి వచ్చేది కాదు, అది కూడా చెప్పుకోవాలి. అయినా 0.0 అంటే 0.0. 2004లో 30 లక్షలకి పైగా జనం వచ్చిన స్టేడియానికి 2012లో వచ్చింది 16 లక్షలు.

ఇక్కడ కాస్త ఆగి వెనక్కి వెళ్దాం. సీనియర్లను అమ్మేసి మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవడం లూనో కనిపెట్టిన ఐడియా కాదు. వందేళ్ళ క్రితమే కానీ మాక్ అనే ఆయన చేశాడు. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టుని 1901 నుంచి 1950 దాకా, యాభై ఏళ్ళు నడిపిన మనిషి. 1910, 1911, 1913లో ఛాంపియన్. 1914లో ఫైనల్‌లో బోస్టన్ చేతిలో 4-0తో ఓడిపోయాడు. అప్పుడే ఫెడరల్ లీగ్ అని పోటీ లీగ్ ఒకటి పుట్టి ఆటగాళ్ళకి ఎక్కువ డబ్బు ఆశ చూపింది. అంత జీతాలు ఇవ్వలేనని మాక్ జట్టుని విప్పేశాడు. సూపర్‌స్టార్ ఎడ్డీ కాలిన్స్‌ని 50 వేల డాలర్లకి షికాగోకి అమ్మాడు. 1915లో 109 ఓటములు. 1916లో 36 గెలిచి 117 ఓడారు. వరసగా ఏడేళ్ళు చిట్టచివరి స్థానం.

మళ్ళీ కట్టాడు. 1929, 1930లో మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. అంతలో ఆర్థిక మాంద్యం వచ్చింది, మళ్ళీ అమ్మేశాడు. అల్ సిమన్స్, లెఫ్టీ గ్రోవ్, మిక్కీ కాక్రేన్, జిమ్మీ ఫాక్స్, ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఈసారి మాత్రం జట్టు కోలుకోలేదు. మళ్ళీ ఒక్క లీగ్ టైటిల్ కూడా రాలేదు, 1955లో జట్టే ఆ ఊరు వదిలి కాన్సస్ సిటీకి వెళ్ళిపోయింది. మాక్‌కీ లూనోకీ తేడా ఏంటంటే, మాక్ ఎక్కువగా నగదు కోసం అమ్మాడు, లూనో కుర్రాళ్ళ కోసం అమ్మాడు. ఒకరు గింజలమ్మి అప్పులు తీర్చారు, ఇంకొకరు గింజలిచ్చి విత్తనాలు తెచ్చుకున్నారు.

మరి ఈ అమ్మకాల్లో ఆటగాడి మాట ఏంటి? ఆ రోజుల్లో ఏమీ లేదు. కాంట్రాక్ట్‌లో రిజర్వ్ క్లాజ్ అని ఒకటుండేది. జట్టు వదిలితే తప్ప ఆటగాడు జీవితాంతం ఆ జట్టు సొత్తే. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాణ్ణి ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేసింది. ఆ జట్టుకి 12 సీజన్లు ఆడినవాడు. అతను వెళ్ళనన్నాడు. నన్ను సరుకులా కొని అమ్మడానికి వీల్లేదని కమిషనర్‌కి ఉత్తరం రాసి, కోర్టుకెక్కాడు. 1972లో అమెరికా సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు. కెరీర్ అక్కడితో ఇంచుమించు అయిపోయింది.

అతను ఓడిపోయాడు గానీ, అతను అడిగిన ప్రశ్న బతికింది. 1973లో యూనియన్ ఒప్పందంలో కొత్త రూల్ వచ్చింది. పెద్ద లీగ్‌లో పదేళ్ళ అనుభవం, అందులో చివరి అయిదేళ్ళు ఒకే జట్టుతో ఉన్న ఆటగాణ్ణి అతని అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదు. దీన్నే కర్ట్ ఫ్లడ్ రూల్ అని కూడా అంటారు. 2010లో బర్క్‌మన్‌కి వద్దనే హక్కు ఉంది అంటే, ఆ హక్కు వెనక ఈ మనిషి పోగొట్టుకున్న కెరీర్ ఉంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, హ్యూస్టన్‌కి వద్దాం. ఓడినందుకు బహుమతిగా 2012, 2013, 2014, వరసగా మూడేళ్ళు డ్రాఫ్ట్‌లో మొదటి ఛాన్స్ వీళ్ళదే. 2012లో ప్యూర్టోరికో కుర్రాడు కార్లోస్ కొరియాని ఎంచుకున్నారు. ఆ స్థానానికి కేటాయించిన మొత్తం 72 లక్షల డాలర్లు, కొరియా 48 లక్షలకి ఒప్పుకున్నాడు. మిగిలిన డబ్బుతో లాన్స్ మెక్‌కలర్స్ అనే ఇంకో కుర్రాణ్ణి 25 లక్షలకి లాగారు. తెలివైన పని, ఒప్పుకోవాలి.

కానీ అన్నీ అలా జరగలేదు. 2013లో మొదటి ఛాన్స్‌తో మార్క్ అపెల్ అనే పిచర్‌ని తీసుకున్నారు. అతను పెద్ద లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడింది 2022లో, అదీ వేరే జట్టుకి. రెండో ఛాన్స్ ఉన్న షికాగో కబ్స్ ఎంచుకున్న క్రిస్ బ్రయంట్ 2016లో ఎంవీపీ అయ్యి, 108 ఏళ్ళ తర్వాత కబ్స్‌కి కప్పు తెచ్చాడు. 2014లో ఎంచుకున్న బ్రేడీ ఏకెన్ మెడికల్ రిపోర్ట్ దగ్గర గొడవై సంతకమే పెట్టలేదు. అదే ఏడాది మార్చిలో జె.డి. మార్టినెజ్ అనే బ్యాటర్‌ని పనికిరాడని వదిలేశారు. అతను నాలుగేళ్ళ తర్వాత బోస్టన్ తరఫున 43 హోమ్ రన్లు కొట్టి, ప్లేఆఫ్‌లో ఆస్ట్రోస్‌నే ఓడించి కప్పు ఎత్తాడు. డేటా వాడేవాళ్ళు తప్పు చేయరని అనుకునేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి.

పైగా ఇంకో ట్విస్ట్. వీళ్ళ డేటా అంతా గ్రౌండ్ కంట్రోల్ అనే సిస్టమ్‌లో ఉండేది. ఎవరితో ఏ ట్రేడ్ మాట్లాడుతున్నారో కూడా అందులోనే. 2014లో ఆ మాటలు ఇంటర్నెట్‌లో లీకయ్యాయి. తర్వాత తేలిందేంటంటే, లూనో పాత జట్టు కార్డినల్స్‌లోని ఒక అధికారి ఈ సిస్టమ్‌లోకి చొరబడ్డాడు. అక్కడి నుంచి ఇక్కడికి మారిన ఉద్యోగి పాత పాస్‌వర్డ్‌ని బట్టి కొత్తది ఊహించాడు. ఆ అధికారికి 46 నెలల జైలు శిక్ష పడింది. పాస్‌వర్డ్ చివర ఒక అంకె మార్చి సరిపెట్టే మిత్రులారా, మీకే చెబుతున్నాను.

2014 జూన్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఆస్ట్రోస్ ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ ఫొటో కవర్ మీద వేసి, 2017 ఛాంపియన్లు వీళ్ళే అని రాసింది. చాలామంది నవ్వారు. 2017 నవంబర్ 1న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద ఏడో మ్యాచ్ గెలిచి ఆస్ట్రోస్ నిజంగానే ఛాంపియన్ అయ్యింది. ఫైనల్ ఎంవీపీ ఎవరు? ఆ కవర్ మీద ఉన్న స్ప్రింగరే.

అయితే అసలు ప్రశ్న ఇది. ఆ కప్పు, సీనియర్లని అమ్మడం వల్ల వచ్చిందా? నేను కూర్చుని ఒక్కొక్క ట్రేడ్‌నీ దారం పట్టుకుని వెతికాను.

ముందు ఆ జట్టు పెద్ద పేర్లు చూద్దాం. ఆ ఏడాది ఎంవీపీ హోసే ఆల్టూవే. అయిదున్నర అడుగుల వెనిజులా కుర్రాడు, 2007లో 15 వేల డాలర్లకి సంతకం పెట్టాడు. ట్రేడ్‌లో రాలేదు, డ్రాఫ్ట్‌లోనూ రాలేదు. స్ప్రింగర్ 2011 డ్రాఫ్ట్, పిచర్ డాలస్ కైకల్ 2009 డ్రాఫ్ట్. ముగ్గురూ లూనో రాకముందే అక్కడున్నారు. ఓడినందుకు వచ్చినవాళ్ళు కొరియా, మెక్‌కలర్స్, ఏకెన్ పోయినందుకు పరిహారంగా దొరికిన అలెక్స్ బ్రెగ్మన్.

మరి ఆస్వాల్ట్, బర్క్‌మన్‌లకి బదులుగా వచ్చినవాళ్ళు? 2017 నాటికి ఒక్కడూ జట్టులో లేడు. పెన్స్‌కి బదులుగా వచ్చిన వాళ్ళలో పెద్ద ఆశ జాన్ సింగిల్టన్, అతను నిలదొక్కుకోలేకపోయాడు. ఎక్కువ పేరున్న సీనియర్ల ట్రేడులు నేరుగా ఇచ్చింది చాలా తక్కువ.

పనికొచ్చింది ఎవరో తెలుసా? టొరంటోతో జరిగిన ఆ పది మంది ట్రేడ్‌లో ఎవరూ పట్టించుకోని పేరు ఒకటుంది, జో మస్‌గ్రోవ్. 2017 ఫైనల్ అయిదో మ్యాచ్ 13-12తో ముగిసింది, గెలిచిన పిచర్‌గా రికార్డులో ఉన్నది ఇతనే. మైయర్స్‌ని ఇచ్చినప్పుడు, పేరు తర్వాత చెబుతాం అని తీసుకున్న కుర్రాడు క్రిస్ డెవెన్‌స్కీ, 2017లో ఆల్‌స్టార్. జెడ్ లౌరీని ఓక్లాండ్‌కి ఇచ్చి తెచ్చుకున్న ముగ్గురిలో ఒకడు బ్రాడ్ పీకాక్, ఫైనల్ మూడో మ్యాచ్‌ని చివరిదాకా కాపాడింది అతనే.

పెన్స్ దారం ఇంకా చిత్రంగా సాగింది. పెన్స్‌కి బదులుగా జారెడ్ కోసార్ట్ వచ్చాడు. కోసార్ట్‌ని 2014లో మయామీకి ఇస్తే, మిగతావాళ్ళతో పాటు ఒక డ్రాఫ్ట్ ఛాన్స్ వచ్చింది. ఆ ఛాన్స్‌తో 2015లో డాజ్ కామెరాన్ అనే కుర్రాణ్ణి ఎంచుకున్నారు. 2017 ఆగస్ట్ 31 రాత్రి ఆ కామెరాన్‌ని ఇంకో ఇద్దరితో కలిపి డెట్రాయిట్‌కి ఇచ్చి జస్టిన్ వర్లాండర్‌ని తెచ్చారు.

ఇప్పుడు ఈ వర్లాండర్ ఎవరో చూడండి. 2003లో డెట్రాయిట్ 119 మ్యాచులు ఓడింది. అంత ఓడినందుకు 2004 డ్రాఫ్ట్‌లో రెండో ఛాన్స్ వచ్చింది. దాంతో ఎంచుకున్నవాడే వర్లాండర్. 13 సీజన్లు అక్కడే ఆడాడు. 2017లో డెట్రాయిట్ కుప్పకూలి, ఈసారి తనే సీనియర్లని అమ్మడం మొదలుపెట్టింది. వర్లాండర్‌కి 34 ఏళ్ళు. పదేళ్ళు, అయిదేళ్ళు, రెండు షరతులూ నిండిన ఆటగాడు కాబట్టి అతను సరేనంటేనే ట్రేడ్. అర్ధరాత్రి గడువు ముగియడానికి క్షణాల ముందు సరేనన్నాడు. ఆస్ట్రోస్‌కి వచ్చాక ఆ సీజన్‌లో మిగిలిన అయిదు మ్యాచులూ గెలిచి, సెమీఫైనల్ లాంటి లీగ్ సిరీస్‌లో ఎంవీపీ అయ్యాడు.

కర్ట్ ఫ్లడ్‌కి ఆ ఒక్క క్షణం దొరకలేదు. వర్లాండర్‌కి దొరికింది. ట్రేడ్ అదే, లెక్క అదే. కానీ ఒకరిని పంపించేశారు, ఒకరు ఆలోచించుకుని వెళ్ళారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద తేడాగా అనిపించింది ఇదే.

చీకటి వైపు చెప్పకపోతే అన్యాయం. 2017లో ఆస్ట్రోస్ కెమెరాతో ప్రత్యర్థి సైగలు దొంగిలించి, చెత్తడబ్బా మీద కొట్టి తమ బ్యాటర్‌కి చెప్పేవారు. 2020 జనవరి 13న లీగ్ శిక్ష ప్రకటించింది. లూనో, కోచ్ ఎ.జె. హించ్ ఏడాది సస్పెన్షన్, 50 లక్షల డాలర్ల జరిమానా, రెండేళ్ళ పాటు డ్రాఫ్ట్‌లో మొదటి రెండు రౌండ్ల ఛాన్సులు రద్దు. ఓనర్ అదే రోజు ఇద్దరినీ ఉద్యోగం నుంచి తీసేశాడు. మూడేళ్ళు 0.0 రేటింగ్‌లో కూడా జట్టుని వదలని అభిమాని చేతికి చివరికి దక్కింది మచ్చ పడిన కప్పు. 2022లో మళ్ళీ ఒకటి గెలిచారు, కానీ ఆ మొదటిదాని మచ్చ అలాగే ఉంది.

లీగ్ కూడా పాఠం నేర్చుకుంది. అందరూ ఇలా ఓడటం మొదలుపెడితే ఆట ఏమవుతుందని, 2023 డ్రాఫ్ట్ నుంచి లాటరీ పెట్టింది. ఇప్పుడు చిట్టచివర నిలిచినా మొదటి ఛాన్స్ గ్యారంటీ లేదు.

నేను ఈ కథలో ఇంతగా ఇరుక్కుపోవడానికి ఒక కారణం ఉంది. నేను కోడ్ రాసే రోజుల్లో మా టీమ్‌లో పదకొండేళ్ళ అనుభవం ఉన్న అన్న ఒకాయన ఉండేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. ఒక శుక్రవారం ఆయన్ని ప్రాజెక్ట్ నుంచి తప్పించి, ఆ జీతంలో ముగ్గురు ఫ్రెషర్లని తీసుకున్నారు. ఎక్సెల్ షీట్‌లో అది కరెక్టే. అందులో ఒక ఫ్రెషర్ ఇప్పుడు చాలా బాగా చేస్తున్నాడు కూడా. కానీ సోమవారం ఆయన ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్నది నేను. లెక్క తప్పని నేను అనను. లెక్కలో ఒక కాలమ్ తక్కువైందని అంటాను. ఆయన్ని ఒక్కసారి అడిగి ఉంటే, ఏ టీమ్‌కి వెళ్తావని, ఎప్పుడు వెళ్తావని, ఖర్చు పైసా పెరిగేది కాదు.

పంపించేసిన సీనియర్ల సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే వాళ్ళని అందరూ మర్చిపోతారు. బర్క్‌మన్ 2011లో సెయింట్ లూయిస్‌కి ఆడాడు. ఫైనల్ ఆరో మ్యాచ్, పదో ఇన్నింగ్స్, ఇంకొక్క స్ట్రైక్ పడితే జట్టు అవుట్. అక్కడ బంతిని కొట్టి స్కోరు సమం చేసింది బర్క్‌మనే. తర్వాతి రోజు కప్పు గెలిచారు. పెన్స్ శాన్‌ఫ్రాన్సిస్కోతో 2012లో, 2014లో రెండు కప్పులు గెలిచాడు. అయిపోయారు అనుకున్నవాళ్ళు అయిపోలేదు.

చివరి సీన్. 2024 అక్టోబర్ 1, 2 తేదీలు, హ్యూస్టన్ స్టేడియం. ఆస్ట్రోస్ మీద ఆడటానికి వచ్చింది డెట్రాయిట్. 2019లో 114 మ్యాచులు ఓడి, అన్నీ మళ్ళీ కట్టుకున్న జట్టు. దాని కోచ్, ఆస్ట్రోస్ తీసేసిన అదే హించ్. క్యాచర్ జేక్ రోజర్స్, వర్లాండర్ కోసం ఇచ్చిన ఆ ముగ్గురు కుర్రాళ్ళలో ఒకడు. మొదటి మ్యాచ్ పిచర్ తారిక్ స్కూబల్, తొమ్మిదో రౌండ్‌లో ఎంచుకున్నవాడు, ఏ మొదటి ఛాన్సూ కాదు. డెట్రాయిట్ రెండు మ్యాచులూ గెలిచి ఆస్ట్రోస్‌ని ఇంటికి పంపింది, వాళ్ళ ఇంట్లోనే. వర్లాండర్ అప్పటికి మళ్ళీ హ్యూస్టన్‌కే వచ్చి ఉన్నాడు. 41 ఏళ్ళు. ఆ సిరీస్‌కి అతన్ని జట్టులోకి తీసుకోలేదు.

మరి మీరు చెప్పండి. మీ జట్టు మూడేళ్ళు ఓడిపోయి నాలుగో ఏడు నుంచి గెలుస్తానంటే ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే, ఆ మూడేళ్ళూ టికెట్ డబ్బులు ఎవరు కట్టాలి? కామెంట్లో రాయండి, నేను చదువుతాను. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.